అమ్మకపోతే లాభం

"చింతపండు ఉండాదా అప్పా?" అని అడిగింది మునివెంకటమ్మ.

"ఉండాది. ఇయ్యను," అన్నాడు రంగనాథ.

మురుగమల్ల నుంచి బస్సెక్కి చింతామణి సంతకు వచ్చిన మనిషి. కళ్ళెదుటే మూట కనబడుతోంది.

"ఏమప్పా, నా దుడ్డు చెల్లదా?"

"చెల్లతాది. నువ్వు కిలో కొంటే నాకు రెండు రూపాయలు నష్టం. పోయిరామ్మా."

ఆమె తల కొట్టుకుంటూ అంగడి మెట్లు దిగింది. రంగనాథ పలక మీద రెండు రూపాయల లాభం వేసుకున్నాడు.

ఆ ఏడు చింతపండు మండిపోయింది. కిలో అతనికే నలభై రెండు పడింది. అమ్మే ధర నలభై. పెంచడానికి లేదు. "నీ నోటితో గిరాకీకి ధర పెంచి చెప్పొద్దురా" అని తండ్రి పోయేముందు చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. అమ్మితే నష్టం. అంటే, అమ్మకపోతే అంత మిగులు! ఈ సంగతి తట్టిన రోజు రంగనాథ పాయసం చేయించుకుని తిన్నాడు.

"అంగడి మునిగిపోతాది," అని భార్య గిరిజమ్మ మొదట్లో ఏడ్చింది. తర్వాత నోరెత్తలేదు. సాయంత్రం గల్లాపెట్టె తెరిస్తే నిజంగానే డబ్బు ఉంటోంది. అతని లెక్కకన్నా ఎక్కువే.

"చూసినావా? లెక్క అబద్ధం చెప్పదు," అన్నాడు రంగనాథ.

ఒకరోజు జోరువాన. గిరాకీ రాలేదు. గల్లాపెట్టె ఖాళీ. రంగనాథ దిగాలుపడ్డాడు. "ఒక్కరైనా రాకపోతే ఎవరికి అమ్మకుండా ఉండేది?"

మూట కూడా తగ్గుతూ వచ్చింది. ఎండకు ఆరతాండాదిలే అనుకున్నాడు. తరమడానికైనా సరుకు ఉండాలి కదా అని ఇంకో మూట తెప్పించాడు.

పక్కనే ఆదెప్ప బెల్లం అంగడి. అతనికీ కొన్న ధర ఎక్కువ, అమ్మే ధర తక్కువ. రంగనాథ గల్లాపెట్టెలో డబ్బు కళ్ళారా చూశాక ఆదెప్ప ఇక ఆగలేకపోయాడు. మరునాటి నుంచి అతనూ గిరాకీని తరమసాగాడు. రంగనాథ చీపురు చూపిస్తే ఆదెప్ప కర్రే పట్టుకున్నాడు. రెండు అంగళ్ళ ముందూ జనం తిట్టుకుంటూ తిరిగారు.

వారం గడిచింది. ఆదెప్ప మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"రంగన్నా, సంతంతా తరిమేసినాను. గల్లాలో చిల్లికాసు లేదు. యాడ తప్పినాను?"

రంగనాథ పలక తీసుకుని మొదటి నుంచి కూడాడు. మళ్ళీ కూడాడు. "నీ లెక్క సరిగ్గానే ఉండాదే!" అని ఆశ్చర్యపోయి, కళ్ళద్దాలు తెచ్చుకోవడానికి లోపలికి వెళ్ళాడు.

కాఫీ తెచ్చిన గిరిజమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"ఆయప్ప ముందర తరిమినోళ్ళకంతా నేను ఎనక వాకిట్లో ధర పెంచి అమ్మతాండాను గదన్నా, మీ ఇంట్లో వదిన అమ్మలేదా?"