నల్ల ఇసుక వైద్యం

"పున్నమి రోజే వెళ్దాం," అంది రెసిని. "పూజారి కూడా అదే మంచి రోజన్నాడు."

తమ్ముడు లాసియా కాఫీ గ్లాసు అరుగు మీద పెట్టాడు. "పున్నమికి సముద్రం పొంగుతుందక్కా. వారం ఆగితే ఏం పోతుంది?"

"నా నడుము పోతుంది."

లాసియా నవ్వలేదు. సాద్రకు పక్షవాతం వచ్చి రెండేళ్లు. అప్పటి నుంచీ మొగుణ్ణి వీపున మోసుకుని స్నానానికి తీసుకెళ్లేది రెసినియే. ఇప్పుడు వంగితే గోడ పట్టుకోకుండా లేవలేకపోతోంది. ఇంకా బరువులెత్తితే నువ్వూ మంచాన పడతావని డాక్టరు చెప్పేశాడు. సాద్ర కనీసం స్నానాల గది దాకా నడవగలిగితే చాలు. దేవుళ్లను ఆమె అంతకు మించి ఏమీ అడగలేదు.

నిప్పుకొండ కక్కిన నల్ల ఇసుక ఎండకు కాగాక, అందులో మనిషిని పూడ్చి కూర్చోబెడితే చచ్చుబడిన కాళ్లు కదులుతాయి. నీటి అంచున ఉండే ఇసుక మరీ నలుపు, మరీ బరువు. అసలు మందు అదే. తీరం ఊళ్లలో ఎంతమంది అలా లేచి తిరగడం లేదు?

"సరే, కూరగాయల వ్యాను తెస్తాను," అన్నాడు లాసియా. "పార నాది. గొడుగు?"

"గుడి గొడుగు అడిగాను, ఇస్తామన్నారు. అన్నం, కాల్చిన చేప మూట కడతాను. సముద్రానికి పూలబుట్ట అల్లడమే మిగిలింది."

మంచం మీంచి సాద్ర "ఊఁ... ఊఁ" అంటూ తల అడ్డంగా తిప్పాడు. అతని నోట రెండేళ్లుగా అంతకన్నా మాట లేదు.

"చూశావా, నా నడుము గురించే బెంగ," అంది రెసిని. "తమ్ముడు మోస్తాడులెండి. మీరు ఊరికే ఉండండి."

ఆమె మంచం చుట్టూ తిరిగి వెళ్లి అతని పాదాల దగ్గర కూర్చుంది. గోడవైపు ఉన్న నూనె సీసా తీసుకోవాలన్నా అతని తల మీదుగా చెయ్యి చాచదు. మంచాన పడ్డంత మాత్రాన మనిషి తలకు మర్యాద పోతుందా?

కొబ్బరాకులు పట్టుకుని పొరుగింటి సుదాని వచ్చింది. ఇద్దరూ పూలబుట్ట అల్లుతూ కూర్చున్నారు.

"రోజూ మా పుంజు గంపను నీడలోకి జరుపుతున్నావు. నీ మేలు మరిచిపోను వదినా," అంది రెసిని. "మార్కెట్లో ఉన్నా నా ప్రాణం ఇక్కడే కొట్టుకుంటుంది. ఆ పుంజంటే ఆయనకు ప్రాణం."

"నేనా? ఆ రాక్షసి దగ్గరికి నేనెందుకు పోతాను? పోయినేడు పొడిచిన మచ్చ ఇంకా పోలేదు."

రెసిని నవ్వుకుంది. చేసిన మేలు చెప్పుకోని మనుషులు కొందరుంటారు.

"అది సరే గానీ," సుదాని సాద్ర వైపు చూసి గొంతు తగ్గించింది. "రోజంతా పొలంలో తిరిగే మా ఆయన పిక్కల కన్నా మీ ఆయనవే గట్టిగా ఉన్నాయి. ఏం పెడుతున్నావేమిటి?"

"పెట్టేదేముంది, దాచిన చేపంతా పిల్లి తినిపోతుంటే. రోజూ రెండు పూటలా నూనె పట్టిస్తాను, అంతే." రెసిని ముఖం వెలిగింది. తన చేతుల కష్టం ఒకరి కంటపడటం అదే మొదటిసారి.

పున్నమి పొద్దున వాన పడుతుందేమోనని భయపడింది. పడలేదు. వ్యాను ఒక్కసారి కూడా మొరాయించలేదు. తీరంలో పూజకు వచ్చిన జనం ఎండెక్కేసరికి వెళ్లిపోయారు. ఇసుక పెనంలా కాగింది.

లాసియా నీటి అంచున గుంట తీశాడు. బావను దించి నడుము దాకా పూడ్చాడు. సాద్ర మూలుగుతూనే ఉన్నాడు. రెసిని అతని పెదవులను నీళ్లతో తడిపింది. గొడుగు అతని మీదికి వాల్చి పాతించింది.

"నీకూ ఒకటి తవ్వుతానక్కా. కాళ్లకైతే నడుము దాకా చాలు. నీ నడుముకు మెడదాకా కప్పాలి."

"నాకెందుకురా?"

"మందు ఊరికే వస్తుంటే వద్దంటావేం?"

కప్పేశాడు. చేతులు కూడా లోపలే. బరువైన ఆ వేడి వెన్నులోకి దిగుతుంటే రెసినికి కళ్లు మూతలు పడ్డాయి. రెండేళ్లలో నొప్పి లేని మొదటి ఘడియ.

"కొబ్బరి బోండాలు తెస్తాను. పోటెక్కేలోపే వచ్చేస్తాను, నిద్రపో," అంటూ లాసియా రోడ్డు వైపు వెళ్లాడు.

చల్లగా గడ్డానికి ఏదో తగిలితే మెలకువ వచ్చింది. నురగ. పూలబుట్ట తేలుతూ పోయింది. కదలబోయింది. తడిసిన ఇసుక ఆమెను ఇంకా బిగించింది. రెండో కెరటం నోటిదాకా వచ్చి వెళ్లింది. మూడోది దూరంగా, నల్లగా, ఎత్తుగా లేస్తోంది.

"లాసియా!" గొంతు చించుకుని అరిచింది. "ముందు బావను లాగరా! నాకేం కాదు, ఆయన్ని లాగు, ఆయన నడవలేడు!"

ఆమె ఇంకా అరుస్తుండగానే సాద్ర రెండు చేతులూ ఆనించి గుంటలోంచి పైకి లేచి, ఆమె తల మీదుగా కాలు వేసి దాటి, ఎక్కడా తూలకుండా కొబ్బరిచెట్ల దాకా పరుగెత్తాడు.