సీలు విప్పని రికార్డు

ఒకే రికార్డు మీద రెండు చేతులు పడ్డాయి.

ఒకటి పళ్ల డాక్టరుది. రెండోది ఎవరో ముసలాయనది.

డాక్టరు లెక్కలో తన చెయ్యే ముందు పడింది.

పాత గ్రామఫోన్ రికార్డుల దుకాణంలో ఆ ఉదయమే ఒక పెట్టె విప్పారు. ఎప్పుడో మూతపడిన కంపెనీ గోదాములో మిగిలిపోయిన సరుకు. ఈ రికార్డుకి ప్లాస్టిక్ సీలు కూడా ఊడలేదు. అట్ట మీద ‘పల్లె గొంతులు’ అని ఉంది గానీ పాడినవాళ్ల పేర్లు లేవు. ఇలాంటిది మరొకటి ఎక్కడా లేదని దుకాణదారు ఒట్టేసి చెప్పాడు.

“మీరే తీసుకోండి బాబూ” అన్నాడు ముసలాయన, చెయ్యి వెనక్కి తీసుకుంటూ. “నేను ఒక్కసారి వింటే చాలు. ఇక్కడే పెట్టిస్తారా?”

“సీలు విప్పితే ఇంకేముందండీ దీనికి విలువ!”

“ఆఁ?”

డాక్టరు అరిచి చెప్పాల్సి వచ్చింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది, ఈయనకి పాటలొకటా అని విసుక్కున్నాడు. వదిలించుకుంటే చాలనుకుని ఇంటి గుర్తులు చెప్పి, ఆదివారం రమ్మన్నాడు.

డాక్టరుకి రికార్డుల పిచ్చి. హాలు గోడల నిండా రాక్, జాజ్, శాస్త్రీయం, జానపదం. నేల నుంచి కప్పు దాకా అవే. కానీ ఒక్క పాట కుదురుగా విన్న పాపాన పోలేదు. ట్రంపెట్ పైకి లేస్తుండగానే రికార్డు మీది ముల్లు ఎత్తేసి గిటారు పెట్టేవాడు. గిటారు మోగుతుంటే వయొలిన్ గుర్తొచ్చేది. అదీ సగం కాకముందే, ఇంకా దొరకని రికార్డేదో తలకెక్కి, కాలుగాలిన పిల్లిలా గదంతా తిరిగేవాడు.

“మన కంచం ముందు కూర్చుని పక్క కంచంలోకి చూసే రకం మీరు” అనేది భార్య.

ఆదివారం ముసలాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని.

“ముల్లు అరిగిపోయిందండీ. వచ్చే వారం చూద్దాం” అన్నాడు డాక్టరు గుమ్మంలోనే.

ఆ వారమూ వచ్చాడు. ఇంట్లో చుట్టాలున్నారని చెప్పాడు డాక్టరు.

“బాబూ, ఆ పాటలో...”

“అవన్నీ తర్వాత మాట్లాడుకుందాం లెండి” అని తలుపు వేసేశాడు.

మళ్లీ వచ్చినప్పుడు డాక్టరు కర్టెన్ వెనక నిలబడి, ఇంట్లో లేనని భార్యచేత చెప్పించాడు.

“నాచేత ఎందుకండీ ఈ అబద్ధాలు? పాపం, బస్సులు మారి వస్తున్నాడు పెద్దాయన.”

“విప్పిన సీలు మళ్లీ అతుక్కుంటుందా?”

“మరి ఎవరూ విననిది పాటెలా అవుతుంది?”

డాక్టరు రికార్డుని ఇంకా పై అరలోకి మార్చాడు.

తర్వాతి వారం ముసలాయన రాలేదు. ఆ పై వారమూ రాలేదు.

పీడ విరగడైందని డాక్టరు హాయిగా ఉండాలి. ఉండలేకపోయాడు. గేటు చప్పుడైతే చాలు, కిటికీ దగ్గరికి పరిగెత్తేవాడు. క్లినిక్‌లో రోగి నోరు తెరుచుకుని కూర్చుంటే, ఏ పన్ను చూడాలో మరిచిపోయి ‘ఆ పాటలో ఏముంది?’ అని ఆలోచించేవాడు. ఇంటికొచ్చి సీలు మీద గోరు ఆనించేవాడు. మళ్లీ తీసేసేవాడు.

ఇక ఉండబట్టలేక దుకాణానికి వెళ్లాడు.

“ఆ ముసలాయన ఎక్కడుంటాడు?”

“బస్సు డిపో వెనక ఇళ్లలోనండీ. డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఆ రికార్డు కోసం నా దుకాణం గడప అరగదీశాడంటే నమ్మండి. దొరికిన రోజే మీరు పట్టుకుపోయారు. మీరేమో నా పాత ఖాతాదారులు, నేనెలా నోరెత్తను?”

డాక్టరు కారు తిన్నగా డిపో వైపు పోనిచ్చాడు.

తలుపు తీసింది ముసలాయన కూతురు.

“నాన్నగారిని మా ఇంటికి తీసుకురామ్మా. రికార్డు వినిపిస్తాను.”

ఆ మాటతో ఆమె డాక్టరుని పోల్చుకుంది.

“నాన్నకి ఇప్పుడేమీ వినపడదండీ. ఒక చెవి ఎప్పుడో పోయింది. రెండోదీ ఎంతో కాలం ఉండదన్నారు. అందుకే మీ చుట్టూ అంత తొందరపడి తిరిగాడు.”

డాక్టరు వెనక్కి తిరగబోయాడు.

“అయినా వస్తాంలెండి” అంది ఆమె. “రానంటాడా!”

డాక్టరు తన హాల్లో, వాళ్లిద్దరి ముందే ఆ సీలు విప్పాడు.

ముసలాయన కుర్చీ వద్దన్నాడు. నేల మీద కూర్చుని, స్పీకరు పెట్టెకి రెండు అరచేతులూ ఆనించాడు.

ముల్లు దిగింది. ఒక ఆడగొంతు. వాద్యాలేవీ లేవు. ఏదో పని చేసుకుంటూ తనకోసం తాను పాడుకుంటున్నట్టుంది. డాక్టరు చెయ్యి ముల్లు వైపు వెళ్లలేదు.

పాట మధ్యలో పసిపిల్లాడి ఏడుపు వినిపించింది.

పాడుతున్నావిడ ఆగింది. “ఊరుకో నాన్నా, ఇక్కడే ఉన్నాగా” అని బుజ్జగించి, మళ్లీ పాట అందుకుంది.

“పాటలో ఏడుపు వచ్చిందా అమ్మా?” అని ముసలాయన గదంతా మోగేలా అడిగాడు.

కూతురు తలూపింది.

ఆయన కళ్లు మూసుకున్నాడు. చేతులు మాత్రం తీయలేదు.

డాక్టరు తెల్లబోయాడు.

“సీలు నేనిప్పుడే కదా విప్పింది! ఏడుపుందని ఈయనకెలా తెలుసు?”

“నాన్నకి వాళ్ల పెద్దమ్మ చెప్పిందండీ” అంది కూతురు. “పాటలు రికార్డు చేసేవాళ్లు ఊరికొచ్చి వెళ్లిన ఏడాదే మా నాయనమ్మ పోయింది. ఆవిడ ఫొటో ఒక్కటీ లేదు. ఆ ఏడ్చింది మా నాన్నే.”