చేతికి రాని లాభం

ఫిబ్రవరి మంచులో ఆర్లన్ ఉత్త మేజోళ్లతోనే పోస్టు పెట్టె దాకా పరుగెత్తాడు. ఫండు కంపెనీ ఉత్తరం భార్య మార్లిస్ కంట పడిందంటే కొంప మునిగినట్టే.

వెనకటికి ఈము పక్షుల పెంపకంలో డబ్బు పెట్టి నిండా మునిగాడు. "నాకు చెప్పకుండా మళ్లీ ఎక్కడైనా ఒక్క డాలరు పెట్టావో, ఆ ఈముల షెడ్డులోనే నీ కాపురం!" అంది మార్లిస్. ఆర్లన్ బైబిలు మీద చెయ్యేసి ఒట్టు పెట్టాడు. తర్వాత ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టి, చేపల పడవ కోసమని రహస్యంగా మ్యూచువల్ ఫండు కొన్నాడు.

అమ్మలేదు, సెంటు కూడా తియ్యలేదు. ఇక ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాడు. తీరా డిసెంబరులో ఫండువాళ్లు అతని వాటాకి మూడొందల పది డాలర్ల లాభం పంచి, దాన్ని మళ్లీ ఫండులోనే వేసేశారు.

"అమ్మనిదానికి, చేతికి రానిదానికి పన్నేమిటమ్మా?" అని టాక్సులు చూసే లోర్నా దగ్గర మొత్తుకున్నాడు.

"వచ్చినా రాకపోయినా చూపించాల్సిందే. పైగా మీది మొగుడూ పెళ్లాల రిటర్ను. ఇద్దరూ సంతకం పెట్టాలి. నా అంతట నేను ఎవరికీ చెప్పను. అడిగితే మాత్రం అబద్ధమాడను."

"మార్లిస్ చదివితే నా పని అయిపోయినట్టే!"

"ఏమో, చదవదేమో లెండి," అంది లోర్నా నవ్వాపుకుంటూ.

నిజానికి మార్లిస్ ఎంతో ఒద్దికైన ఇల్లాలు. ఏటా పన్ను కాగితాలన్నీ తనే లోర్నాకి ఇచ్చి వచ్చేది. ఒక్కోరోజు పోస్టు పెట్టెకీ ఆమే ముందు పరుగెత్తేది. చలిలో తను కష్టపడకూడదని కాబోలు అనుకుని ఆర్లన్ మురిసిపోయేవాడు. ఇలాంటి మనిషినా మోసం చేస్తున్నానని కాస్త సిగ్గుపడేవాడు కూడా.

లోర్నా ఆఫీసులో సంతకాల రోజు రానే వచ్చింది. ఆర్లన్ లాభాల గడి ఉన్న పేజీ మీద తన టోపీ బోర్లించి కూర్చున్నాడు.

"ఎక్కడ పెట్టాలో చెప్పవే లోర్నా. అవతల ఓవెన్లో కూర మాడిపోతోంది," అంటూ మార్లిస్ ఒక్క పేజీ తిప్పకుండా గీకి పారేసింది. "నువ్వూ కానివ్వవయ్యా! చదివితే మాత్రం నీకేం అర్థమవుతుంది గనక?"

ఆర్లన్‌కి ప్రాణం లేచొచ్చింది. ఆ ఊపులో తనూ గీకేశాడు. మార్లిస్ కారు వేడెక్కించడానికి బయటికి వెళ్లింది.

పిచ్చిది, మొగుడంటే ఎంత నమ్మకం! పడవకి దీని పేరే పెట్టాలనుకుంటూ టోపీ తీశాడు. గడిలో అంకె కంటపడింది. నాలుగు వేల మూడొందల పది.

"ఇదేమిటి లోర్నమ్మా? నా ఫండు లాభం మూడొందల పదేగా! మిగతా నాలుగు వేలూ ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయి?"

లోర్నా కిటికీలోంచి కారు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"అవి మీ ఆవిడ ఫండువి."