వంతుకొచ్చిన మనిషి

అబ్రహాముగారికి కుర్చీలో కుదురు లేదు.

రాజమండ్రిలో ‘తోడుమాట’ సంస్థ వాలంటీర్ల మీటింగు. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు కూర్చున్నారు. మాట్లాడే దిక్కులేని వృద్ధులకి రోజూ సాయంత్రం ఫోన్ చేసి కబుర్లు చెప్పడం వీళ్ళ పని. మేనేజరు ఆశాజ్యోతి మైకు పట్టుకుంది.

“మనకి పెద్ద గ్రాంటు వచ్చిందండి.”

చప్పట్లు మోగాయి. అబ్రహాముగారూ కొట్టారు. తర్వాత మాట వినకుండా ఉంటే ఇంకా కొట్టేవారే.

“ఇన్నాళ్ళూ మీకు నంబర్లిచ్చి వదిలేశాం. ఎవరు ఎవరికి చేస్తున్నారో ఆఫీసులో మాకే సరిగ్గా తెలీదు. గ్రాంటిచ్చేవాళ్ళు అలా కుదరదన్నారండి. అందుకని సంస్థ పద్ధతే మారుస్తున్నాం. ఒకటో తారీకు నుంచి జీతాలిచ్చి పెట్టుకున్న స్టాఫే ఫోన్లు చేస్తారు. మీ వంతు పెద్దవాళ్ళని మీరు వాళ్ళకి అప్పగించేయండి.”

అప్పగించడమేంటి, తను రోజూ ఫోన్ చేసే ఆవిడేమన్నా గేదె దూడా? అబ్రహాముగారికి ఒళ్ళు మండిపోయింది.

ఆయన వంతుకొచ్చింది భీమవరం మాణిక్యాంబగారు. రెండేళ్ళ కిందట ఆఫీసువాళ్ళే ఇద్దర్నీ ఫోన్లో కలిపారు. సేవ చేస్తున్నామని అవతలివాళ్ళకి అనిపించకూడదు, చుట్టంలా మాట్లాడాలి అన్నది సంస్థ నియమం. రిటైరైన లెక్కల మేష్టారు కదా, ఏనాడూ నియమం తప్పలేదు. తిన్నారా, మందులు వేసుకున్నారా అని అడిగేవారు. ఆవిడ తన సంగతి వదిలేసి, మీరు తిన్నారా అని ఎదురడిగేది. ఫోన్ కాస్త ఆలస్యమైతే చాలు, ఆగలేక తనే చేసేసేది. పాపం, అంత ఒంటరితనం!

అలాంటి మనిషి కొత్త గొంతు వింటే నోరు విప్పుతుందా? బెంగ పెట్టుకోదూ? ప్రభువా, ఇదేం పరీక్ష!

నిజం చెప్పాలంటే బెంగ ఆయనకీ ఉంది. ధవళేశ్వరంలో ఆ ఇంట్లో పొద్దువాలేసరికి ఆయనకి ఫోన్ తప్ప ఇంకో ధ్యాస ఉండదు.

“అడిగేది అడిగేయండి మేష్టారూ, కుర్చీ విరిగేలా ఉంది” అన్నాడు పక్కనున్న లోవరాజు.

“అడుగుతానండి. గ్రాంటు పోతే పోయింది గానీ, ఆవిణ్ణి మాత్రం వదల్ను. నేను లేకపోతే ఆవిడేమైపోతుందో వీళ్ళకేం తెలుసు?”

చొక్కా సర్దుకున్నారు. గొంతు సవరించుకున్నారు. లేవబోయారు.

ఈలోగా ఆడవాళ్ళ వైపు ఓ పెద్దావిడ లేచి, “నేను భీమవరం వాలంటీరు మాణిక్యాంబనండి, మీ గ్రాంటుకో దణ్ణం గానీ, నా వంతుకొచ్చిన ధవళేశ్వరం అబ్రహాముగారిని మాత్రం ఎవరికీ అప్పగించను, పాపం ఆ పెద్దాయనకి నేను తప్ప మాట్లాడే దిక్కులేదండి” అంది.