లెక్కలోకి రాని పదేళ్లు

"ఆ పదేండ్లు లెక్కల రావు!" అన్నాడు శివయ్య చేతికర్రతో నేల మీద టక్కున కొట్టి.

"ఎందుకు రావు పెదబాపూ? ఆ పదేండ్లు మండలికి తాళమేసిండ్రా?" అంది శివాని.

యోహాను మైక్‌సెట్ దుకాణంలో, సౌండ్ బాక్సుల నడుమ ఉన్న కాస్త జాగాలో నలుగురూ కూర్చుని పొద్దుటి నుంచీ ఇదే లొల్లి. ఇబ్రహీంపట్నం రామభజన మండలికి యాభై ఏళ్లు నిండాయి. ఆదివారం సాగర్ రోడ్డు మీది ఫంక్షన్ హాల్లో సన్మానం. సభవాళ్లు ఇచ్చింది అరగంట. యాభై ఏళ్లలో మండలికి పేరు తెచ్చిన పదేళ్లేవో మీరే తేల్చుకోండి, ఆ పదేళ్ల పాటలే వినిపిస్తాం, అప్పుడు ముందుండి పాట ఎత్తుకున్నవాడి బొమ్మే ఫ్లెక్సీ మీద వేయిస్తాం అన్నారు. సాయంత్రంలోగా ఫోటో అందాలి.

శివాని సంచిలో వాళ్ల బాపు చెన్నయ్య ఫోటో ఉంది. తొంభై ఐదు నుంచి పదేళ్లు పాట ఎత్తుకున్నది ఆయనే. ముందు ఎవరు ఎత్తుకోవాలనే పంతానికి పోయి అన్న శివయ్య మండలి విడిచిన పదేళ్లవి. తమ్ముడు దిగిపోయాకే మళ్లీ గడప తొక్కాడు. మాటలు మాత్రం కలవలేదు. మూడు నెలల కింద చెన్నయ్య పోతే, రెండు గల్లీల అవతలున్న శివయ్య కడసారి చూపుకు కూడా రాలేదు. ఏం మనిషో!

అయినా మండలిలో ఆయన మాటే మాట. డెబ్బై అయిదేళ్లొచ్చినా ఆయన కన్నెర్ర చేస్తే ఎవరికీ నోరు పెగలదు.

"మొదటి ఇర్వై ఏండ్లు నావి. అండ్ల ఏ పదన్న తీసుకోండ్రి. వాడు పాడింది పాటనా? గొడ్డు అరిసినట్టు అరిసిండు."

"పోయినోన్ని పట్టుకొని గట్లంటవా?" శివాని కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి.

"జర ఊకో శివానీ," అన్నాడు ఇప్పుడు మండలిని నడిపిస్తున్న బాలరాజ్. "పెద్దమనిషితోని ఏం పంచాయితీ? నా పదేండ్లనే నేను అడుగుతలేను."

శివాని కొంగుతో ముఖం తుడుచుకుంది. బాపు బొమ్మ ఒక్కసారి, ఒక్క ఆదివారం పూట, ఊరి ముందు నిలబడితే చాలు. అంతకు మించి ఆమె అడుగుతున్నదేమీ లేదు.

"యోహానన్నా, నీ దగ్గరున్న శ్రీరామనవమి రికార్డింగులు పేర్లు చెప్పకుండ ఒక్కొక్కటే పెట్టు. ఏది మంచిగుంటే దానికే తాళాలు దించుదం," అంది.

తాళాలు దించడం ఆ మండలి పద్ధతి. తగవు వస్తే చేతిలోని కంచు తాళాలు నేల మీద పెట్టి మాట చెబుతారు. పెట్టి మాట తప్పినవాడు ఇక జన్మలో మండలి తాళం ముట్టకూడదు.

"పెట్టు. నా గొంతు నాకు తెల్వదా?" అని శివయ్య మూతి విరిచాడు.

మొదటిది బాలరాజ్ కాలంది. కీబోర్డు మోత. "గిది భజననా, పెండ్లి బరాతా?" అన్నాడు శివయ్య. రెండో కేసెట్టు సగం గరగరే. "ఇంకోటి పెట్టు," అన్నాడు శివయ్యే.

మూడోదానిలో ముందు డోలక్ మోగింది. వెనకే ఓ మగ గొంతు లేచింది.

శివాని చటుక్కున తలెత్తింది. దవాఖాన మంచం మీద నీళ్లు కూడా అడగలేకపోయిన బాపు, ఇక్కడ నిండు వయసులో, గుండెనిండా ఊపిరి తీసుకుని పాడుతున్నాడు.

బాలరాజ్ బెదురుగా శివయ్య వైపు చూశాడు. "యోహానన్నా, బందు చెయ్. వేరేది పెట్టు." యోహాను చెయ్యి గబగబా మీట మీదికి పోయింది.

"ఆపకు!" శివయ్య కేకకు అందరూ ఉలిక్కిపడ్డారు. "చెయ్యి తియ్. గది నా గొంతు."

బాలరాజే ముందు తేరుకున్నాడు. "అవ్ మామా, నీదే. ఇంకెవలకుంటది గసొంటి గొంతు?" యోహాను తల దించుకుని చెయ్యి తీసేశాడు.

పాట సాగింది. శివయ్య కళ్లు మూసుకుని మోకాలి మీద వేలితో దరువు వేస్తూ కూర్చున్నాడు. పాట అయ్యేదాకా కదల్లేదు. అయ్యాక ఒళ్లోని తాళాలు తీసి నేల మీద పెట్టాడు.

"ఇదే. యాభై ఏండ్లల ఇసొంటి పాట మల్ల పడలే. గీ పదేండ్లే ఖాయం చేయుండ్రి."

శివానికి ఒళ్లు మండిపోయింది. కడసారి చూపుకు రానివాడు, చచ్చినోడి గొంతు కూడా గుంజుకుంటాడా? లేచి కేసెట్టు బయటికి లాగి ఆయన ముఖం ముందు పెట్టింది.

"సదువు పెదబాపూ! మా బాపు చేతిరాత ఇది. తొంభై ఎనిమిది, శ్రీరామనవమి. నువ్వు మండలిల లేని ఏడు! గింతన్న సిగ్గనిపిస్తలేదా నీకు?"

"శివానీ!" అంటూ బాలరాజ్ లేచాడు. శివయ్య చేత్తోనే వారించాడు. కేసెట్టు వైపు చూడనైనా చూడలేదు.

"మొదటి అక్షరానికే గుర్తువట్టిన బిడ్డా," అన్నాడు. "తమ్మునిదంటే నా మొకం జూసి వీళ్లు బందు చేస్తరు. నాదంటెనే, వాణ్ని ఆఖరిదాంక ఇననిస్తరు."