వీరాస్వామి గారి బోటుకి రెండో కన్నం

కాస్త ఆగండి, ఈ సంగతి వినేసి వెళ్ళండి!

"కన్నం ఏదండీ?" గట్టెక్కించిన బోటు కింద నుంచి సుకుమార్ కేక పెట్టాడు.

చేపల గుంపుల్ని తెర మీద చూపించే సోనార్ బిగించడం అతనికిదే మొదటిసారి. బోటు అడుగున కన్నం వేసి, అందులో బిగించే బుడిపె కోసం వ్యాను దాకా వెళ్ళొచ్చాడంతే. కన్నం మాయం!

"పూడ్చేశాను బాబూ," అన్నాడు బోటు యజమాని వీరాస్వామి, గుగ్గిలం అంటిన చేతులు దులుపుకుంటూ.

"సోనార్ కావాలన్నది మీరే కదండీ!"

"నేనేనండి. ముప్పయ్యేళ్ళుగా కన్నం కనపడితే పూడ్చడమే కదండీ. నేను ఆలోచించేలోపే చేతులు పని కానిచ్చేశాయి."

"ఎక్కడో చూపించండి, మళ్ళీ తీస్తాను."

వీరాస్వామి అడుగంతా తడిమాడు. మొహం వెలిగిపోయింది. "నాకే దొరకట్లేదండి! పనంటే అలా ఉండాలి."

గంటలో సముద్రానికి పోటొస్తుంది, బోటు నీళ్ళలోకి దిగిపోతుంది. ఈలోగా బిగించకపోతే సుకుమార్‌ని సోనార్ అమ్మిన షాపాయన ఇంకే పనికీ పంపడు.

"ఇంకోటి వెయ్యండి. ముందు వీటిని కట్టెయ్యండి," అంటూ వీరాస్వామి తువ్వాలిచ్చి, రెండు చేతులూ చాపాడు.

సుకుమార్‌కి కోపం పోయింది. ముప్పయ్యేళ్ళు బోటుని మునగకుండా కాపాడిన చేతులవి. మెల్లగా కట్టాడు. డ్రిల్లు ఆన్ చేశాడు.

"దొంగ సచ్చినోడా!" వెనక నుంచి అరుపు. వీరాస్వామి భార్య దీనమ్మ, అన్నం క్యారేజీ పైకెత్తి పరిగెత్తుకొస్తోంది. "మా ఆయన చేతులు కట్టేసి బోటుకి కన్నం పెడతావా?"

ఆవిడ వచ్చేలోపు ఒక్క మాటకే టైముంది. మీరైతే ఏం చెబుతారు?