నాలుగో మూల కుచ్చు

బొంత మూడు మూలలూ గట్టిగా కుట్టి ఉన్నాయి. నాలుగో మూల మాత్రం దారం వదులుగా వేలాడుతోంది.

"ఇదేమిటి బుడన్‌సాబ్, పని పూర్తి కాలేదే?" అన్నాడు బొంత కుట్టమని చెప్పిన గంగాధరప్ప.

"అయింది సార్. కడపటి ముడి మాత్రం కప్పుకునే మనిషి ముందరే ఏస్తాది మాయమ్మ. దానికే హిందూపురం నుంచి బస్సులో పిల్చకచ్చినా. వద్దంటే ఇనదు."

వెనకనే తొంభై అయిదేళ్ల దిల్షాద్‌బీ. "కాళ్లు ఉండేదాకా నడుస్తా. కాళ్లు పోతే వీడే మోస్తాడు," అంది.

"నీ బరువు మోయచ్చు. నీ నోటి బరువు ఎవురు మోయల్లమ్మా?"

పెనుకొండలోని గంగాధరప్ప ఇంట ఇంతమాత్రం సందడి కూడా అరుదే. ధర్మవరంలో చరిత్ర అధ్యాపకుడిగా పదవీ విరమణ చేశాక ఆయన లోకమంతా నాలుగు సెకండ్ల ఫిల్ములో ఇమిడిపోయింది.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో, బెంగళూరులోని ఒక మరమ్మతు షెడ్డులో తీసిన ఫిల్ము అది. ఆ కాలపు విమానాల తోక భాగానికి రేకు బదులు బట్ట కప్పి కుట్టేవారు. ఆ బట్ట అంచున, ఎవరివో రెండు చేతుల మధ్య, నల్లని చిన్న వస్తువొకటి వేలాడుతూ కనిపిస్తుంది.

అదేమిటో తేలనిదే ఆ విమానాల మీద ఆయన రాస్తున్న పుస్తకం పూర్తి కాదు.

లండన్ నిపుణుడు రేడియో ఏరియల్ కొస అన్నాడు. మరొకాయన గాలి రాపిడికి పుట్టే విద్యుత్తును వదిలించే వత్తి అన్నాడు. వత్తులైతే వరసగా ఉండాలి. ఇది ఒక్కటే.

ఆ ఉదయం కూడా కంప్యూటర్ తెర మీద ఆ బొమ్మే నిలిచి ఉంది.

దిల్షాద్‌బీ నేలమీద కూర్చుంది. ఎడమచేత్తో ఎర్రదారం అందుకుని, చిన్ననాడెప్పుడో సూది దిగి నడిమికి చీలిన బొటనవేలి గోటితో అదిమిపట్టి, మూడు మెలికలు తిప్పి, పెదవులు కదుపుతూ కుచ్చు కట్టింది.

"ఏమిటవ్వా గొణుగుతున్నావు?"

"దువా నాయనా. దీని కింద పండుకున్నోడు పొద్దున్నే మళ్ల లేయల్ల అని."

లేస్తూ తెర వైపు చూసింది. చూసి, అలాగే నిలిచిపోయింది.

"ఏం చూస్తాండావు నాయనా దాంట్లో?"

"ఆ వేలాడేది కనిపిస్తోందా? విమానంలో అదేం భాగమో మూడేళ్లుగా తేలడం లేదు."

"భాగం కాదు. కుచ్చు."

గంగాధరప్పకు నవ్వాగలేదు. "విమానానికి బొంత కుచ్చు ఎవరు కడతారవ్వా?"

"దాంట్లో పోయేటోడూ ఒగ తల్లి బిడ్డే గదా."

మెల్లగా అడిగింది.

"ఆ ఏరోప్లేను పోయి మళ్ల వచ్చిందా నాయనా?"

తోక మీది నంబరును బట్టి సంపాదించిన ఆ విమానం రాకపోకల పట్టిక నకలు ఆయన బీరువాలోనే ఉంది. ఈ ముసలామెకు అదంతా ఎందుకనుకున్నాడు.

"ఎప్పటి మాటో అది. మీ బస్సుకు టైమవుతోంది."

ఆమె తలూపింది. గడప దాటుతూ ఇంకొక్కసారి తెర వైపు తిరిగి చూసింది.

పుష్యమాసపు చలి మొదలయ్యాక గాని గంగాధరప్ప ఆ బొంత విప్పలేదు.

మొదటి రాత్రి గడిచి తెల్లవారి లేస్తుంటే, కుచ్చు చేతికి తగిలింది. మూడు మెలికలు. రెండు పోగులు పొడుగు, ఒకటి పొట్టి.

బొంత భుజాన ఉండగానే కంప్యూటర్ దగ్గరికి పరుగెత్తాడు.

మూడు మెలికలు. రెండు పోగులు పొడుగు, ఒకటి పొట్టి.

బీరువాలోంచి పట్టిక తీసుకుని, సోమందేపల్లి మీదుగా పోయే మొదటి బస్సెక్కాడు.

హిందూపురంలో బుడన్‌సాబ్ ఇంట్లో, నాలుగో మూల ముడి పడని బొంతలు గోడవారన దొంతరగా ఉన్నాయి.

"అమ్మ యాడ?" అన్నాడు గంగాధరప్ప. చదువుకున్న భాష ఆ క్షణాన ఆయనకు గుర్తు రాలేదు.

"పోయి నెల దాటింది సార్."

గంగాధరప్ప గడపమీదే కూర్చుండిపోయాడు.

"మీ ఇంటికాణ్ణించి వచ్చినాక ఒగటే మాట సార్. పైన ఏరోప్లేను పోతాంటే బయటికొచ్చి నిలబడేది. పోయేది కనపడతాది, వచ్చేదే కనపడదు అనేది."

గంగాధరప్ప కాగితం విప్పాడు.

"అమ్మ అడిగినదానికి జవాబు తెచ్చాను. ఆ విమానం నలభై ఒక్కసారి పోయింది, బుడన్‌సాబ్. నలభై ఒక్కసారీ తిరిగి వచ్చింది."

ఫోనులో ఆ నాలుగు సెకండ్లూ చూపించాడు. "ఇదిగో కుచ్చు. అమ్మ చెప్పిందే నిజం."

బుడన్‌సాబ్ కుచ్చు వైపు చూడలేదు.

తెరమీది ఎడమచేతిని చూపుడువేలితో మెల్లగా తాకి, "పెండ్లికి ముందర బెంగళూరికి కుట్టుపనికి పోయేదంట సార్... ఈ చీలిన గోరు మాయమ్మది," అన్నాడు.